పదమూడున్నర గంటల గడువు

నేను చూసినంతలో బ్రెవేలో, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు యాత్రలో, గడువు తప్పేవాళ్ళు నెమ్మదిగా తొక్కేవాళ్ళు కారు. టిఫిన్ దగ్గర నలభై నిమిషాలు, కొబ్బరిబోండాం దగ్గర పావుగంట, సెల్ఫీలకి ఇంకో పది నిమిషాలు పోగొట్టుకుని, సాయంత్రం అయిదింటికి వాచీ చూసుకుని లబోదిబోమనేవాళ్ళు. గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల చొప్పున నిదానంగా తొక్కే మనిషి, ఆగిన చోట పని చూసుకుని లేచిపోయే అలవాటుంటే, వాళ్ళకంటే ముందే చేరి టీ తాగుతూ కనిపిస్తాడు. మొదటిసారి రెండొందల కిలోమీటర్ల బీఆర్ఎం అనే బ్రెవేకి పేరిచ్చినవాళ్ళు కాళ్ళ బలం గురించి దిగులు పడతారు. ఆ రోజు అసలు పరీక్ష గడియారంతో.

లెక్క తేలికే. 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. దారిలో కంట్రోళ్ళు, అంటే తనిఖీ చోట్లు, ఉంటాయి. ఒక్కోటి తెరిచే వేళ, మూసే వేళ ముందే రాసి ఉంటాయి. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే వందో కిలోమీటరు దగ్గరి కంట్రోల్ 8 గంటల 56 నిమిషాలకి తెరుచుకుని, మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకి మూతపడుతుంది. అంటే మరీ ఆలస్యంగానే కాదు, మరీ తొందరగా వెళ్ళినా మన వెంట ఉండే బ్రెవే కార్డు మీద ముద్ర పడదు. ఇది పందెం కాదని ఈ ఒక్క నిబంధనే చెబుతోంది.

పందెం కాకుండా పోవడం వెనక పెద్ద కథే ఉంది. 1897లో ఇటలీలో కొందరు రోము నుంచి నేపుల్స్ దాకా దాదాపు 230 కిలోమీటర్లు ఒక్క పగటిపూటలో తొక్కేశారు. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ డెగ్రాంజ్ 1904లో ఆ ఆలోచనని ఫ్రాన్సుకి తెచ్చాడు. అయితే ఆయన పద్ధతిలో అందరూ ఒకే గుంపుగా, ముందున్న నాయకుడు పెట్టిన వేగంతోనే పోవాలి. 1921లో డెగ్రాంజ్‌కీ, ఆ యాత్రలు నడిపే ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌కీ చెడింది. క్లబ్బువాళ్ళు తమదైన దారి వేసుకున్నారు: గుంపు అక్కర్లేదు, ఎవరి వేగం వాళ్ళది, గడువు మాత్రం అందరికీ ఒకటే. ఇవాళ ప్రపంచమంతా జరిగే బీఆర్ఎంలు ఆ తెగతెంపుల సంతానమే. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ నడిపిస్తోంది, హైదరాబాదులోనూ క్లబ్బుంది. ఇక్కడి ఫలితాలు కూడా ఆమోదం కోసం చివరికి పారిస్ వెళ్ళాల్సిందే.

ఒక దారి తీసుకుని చూద్దాం. ఎల్బీనగర్ వైపు నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ దాకా పోయి వెనక్కొస్తే ఇంచుమించు రెండొందలవుతుంది. తెల్లవారకముందే చేరుకోవాలి. నిర్వాహకులు సైకిలు చూస్తారు: ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, మెరిసే జాకెట్, హెల్మెట్. దీపం సైకిలుకి గట్టిగా బిగించి ఉందా లేదా అని చేత్తో ఊపి మరీ చూసేవాళ్ళున్నారు, చూడాలి కూడా. కార్డు చేతికిస్తారు. మడతపెట్టిన చిన్న అట్ట అది. చెమటకి తడిస్తే సిరా అలుక్కుపోతుంది కాబట్టి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు ఎప్పుడూ ఒకే జేబులో ఉంచండి. కార్డు పోతే తొక్కిన రెండొందలూ ఏట్లో కలిసినట్టే.

జెండా ఊపగానే అందరూ ఎగిరి దూకుతారు. వెళ్ళనివ్వండి. ఈ దారిలో మొదటి యాభై కిలోమీటర్లు మనిషిని భలే మోసం చేస్తాయి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన పీఠభూమి మీద కూర్చుంది. విజయవాడ కృష్ణ ఒడ్డున పల్లంలో ఉంది. కంటికి తెలియకపోయినా రోడ్డు మొత్తం మీద కిందికే దిగుతూ ఉంటుంది. దానికి తోడు నైరుతి కాలంలో పడమటిగాలి వెన్నుతట్టి పంపిస్తుంది. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది వేగం వస్తుంటే మన కాళ్ళలో ఇంత సత్తా ఉందా అని మనకే ముచ్చటేస్తుంది. నకిరేకల్లో సైకిలు వెనక్కి తిప్పగానే ఎత్తూ, ఎదురుగాలీ, నడినెత్తిన ఎండా కలిసి బాకీ వసూలుకి దిగుతాయి. చలికాలంలో తూర్పుగాలి ఉంటే లెక్క కొంత తిరగబడుతుంది. పొద్దున్నే కష్టం, తిరుగుదారిలో కాస్త ఊరట. ఏ కాలమైనా సరే, పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే మొదటి సగానికి సరైన వేగం. మాట తెగుతోందంటే ఎక్కువ తొక్కుతున్నట్టు.

తిండి దగ్గరే కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. కండరాల్లో, కాలేయంలో నిలవున్న చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటల్లోనే తరిగిపోతుంది. ఆకలేశాక తిందాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. కాళ్ళు దూదిలా అయిపోతాయి, చిరాకు పుడుతుంది, చిన్న ఎత్తు కూడా కొండలా కనిపిస్తుంది. అందుకని గంటకోసారి, సైకిలు మీదే, నోట్లో ఏదో ఒకటి పడాలి: అరటిపండు, పల్లీపట్టీ ముక్క, నాలుగు ఖర్జూరాలు. రంగురంగుల జెల్ పొట్లాలు నాలుగు కొనే డబ్బుతో బోలెడు పల్లీపట్టీలొస్తాయి. పనితనంలోనూ బ్రెవే వేగానికి పెద్ద తేడా ఉండదన్నది నా అభిప్రాయం. ఒక్క షరతు, ఆ రోజు కొత్తది ఏదీ తినకూడదు. సాధన రోజుల్లో కడుపు ఒప్పుకున్నవే జేబులో ఉండాలి. టిఫిన్‌కి ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం చాలు. రోడ్డు పక్క బిర్యానీ బోర్డు చూసి ఆగినవాళ్ళు ఆ తర్వాతి గంటంతా కడుపు మోసుకుంటూ తొక్కుతారు. చెప్పినా వినరు, అది వేరే సంగతి.

నీళ్ళు ఎండని బట్టి గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా పోతాయి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే మాత్రం ప్రమాదం. చెమటతో ఉప్పు పోతుంటే నీళ్ళు మాత్రమే పోసుకుంటూ వెళ్తే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. దాన్ని దాహమనుకుని ఇంకా తాగితే ముదురుతుంది. రెండు సీసాల్లో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలుపుకోండి. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పు నిమ్మసోడా ఈ దారి మీద దొరకని ఊరు లేదు.

పంక్చర్ పడుతుందనుకునే బయల్దేరాలి. మన హైవేల మీద దానికి పెద్ద కారణం మేకులూ గాజుపెంకులూ కాదు, లారీ టైర్లు. పేలిన టైరు ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. వాటిలోంచి రాలిన ఉక్కుతీగ తునకలు వెంట్రుకంత సన్నగా ఉండి సైకిలు టైరులో దిగిపోతాయి. కంగారులో ట్యూబు మార్చి, గాలి కొట్టి, ఎక్కి తొక్కితే అయిదు కిలోమీటర్లకే మళ్ళీ గాలి పోతుంది. తీగ టైరులోనే ఉండిపోయింది మరి! పద్ధతి ఇదీ. చక్రం విప్పే ముందే వాల్వు టైరు మీద ఏ అక్షరం దగ్గరుందో చూసుకోండి. ట్యూబు తీసి గాలి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని చిల్లి పట్టుకోండి. వాల్వు నుంచి చిల్లి ఎంత దూరమో టైరు మీద కొలిస్తే తీగ ఉన్న చోటు తెలిసిపోతుంది. అక్కడ టైరు లోపలివైపు వేలితో కాకుండా గుడ్డముక్కతో తుడవండి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడుంది దొంగ. గోటికి అందదు, చిన్న పట్టకారు కావాలి. రెండు ట్యూబులు, పంపు, టైరు లీవర్లు, ప్యాచీలు, ఆ పట్టకారు సీటు కింది సంచిలోకి సరిపోతాయి. మన పంక్చర్ షాపుల్లో సన్న వాల్వు రేసింగ్ ట్యూబు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

అన్నీ మీరే మోసుకోవాలన్నది కేవలం జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, నియమం. ఇంటివాళ్ళు కారులో వెంట వస్తూ నీళ్ళందించడం కుదరదు. సొంతవాళ్ళ సాయం కంట్రోళ్ళ దగ్గర మాత్రమే తీసుకోవాలి. కానీ దారిలో దుకాణాలు అందరివీ కాబట్టి ఏదైనా కొనుక్కోవచ్చు, తోటి రైడరు ట్యూబు ఇస్తే పుచ్చుకోవచ్చు. ఎవరో ఒకరు ఆగి, "అన్నా, పంపుందా?" అని అడగకుండా ఒక్క బ్రెవే కూడా ముగియదు.

రోడ్డు మాట. ఎడమ అంచు పట్టుకుని పోతుంటే ఎదురుగా రాంగ్ రూట్‌లో బైకులొస్తాయి, ఒక్కోసారి వరిగడ్డి ట్రాక్టరే వస్తుంది. మర్యాద గురించి వాదించే సమయం కాదది. ముందు వెనక్కి చూసి, తర్వాతే కుడికి జరగాలి. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎడమ చివరి దారి పట్టండి. ఊళ్ళ దగ్గర సర్వీసు రోడ్లలోంచి ఆటోలు, మేకలు చెప్పకుండా వచ్చేస్తాయి. ఒకరి వెనక ఒకరు తొక్కితే వెనకవాళ్ళకి గాలి పోటు బాగా తగ్గుతుంది, నియమాలూ ఒప్పుకుంటాయి. అయితే ముందున్నవాళ్ళు గుంతని చేత్తో చూపించాలి, ఎవరూ సడెన్‌గా బ్రేకు వేయకూడదు. లారీ వెనక చేరి పోయే సాహసాలు మాత్రం పనికిరావు.

నూరు దాటాక వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్ మీద చేతులు ఒకేచోట ఉంచడం వల్ల అరచేతి నరం నలుగుతుంది; పది నిమిషాలకోసారి పట్టు మార్చాలి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు కింద ఇంకేమీ వేసుకోకూడదన్న మాట సిగ్గుపడి ఎవరూ చెప్పరు, అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఆడవాళ్ళకి ఇంతకంటే పెద్ద కష్టం మరుగుదొడ్డి. పెట్రోలు బంకుల్లో ఉన్నా సగం తాళం వేసి ఉంటాయి. దానికి భయపడి నీళ్ళు తాగడం తగ్గించుకునే అమ్మాయిలున్నారు. ఏ బంకులో, ఏ హోటల్లో వాడదగినది ఉందో నిర్వాహకులు ముందే చూసి రూట్‌షీటులో రాయడం పెద్ద పనేమీ కాదు.

ఇక కంట్రోల్. మనుషులున్న చోట కార్డు మీద వేళ రాసి ముద్ర వేస్తారు. ఎవరూ లేని చోట ఏటీఎం చీటీయో, తేదీ, వేళ ఉన్న దుకాణం బిల్లో సాక్ష్యం. కొన్నిసార్లు ముందు చెప్పని రహస్య కంట్రోల్ కూడా ఉంటుంది. అడ్డదారిన వచ్చేవాళ్ళని పట్టుకోవడానికి అది. ఆగిన చోట వరస మరవద్దు: ముందు కార్డు, తర్వాత సీసాలు నింపడం, తర్వాత తిండి, చివరికి కూర్చోవడం. కూర్చున్నాక మిగతావి కదలవు. ఇరవై వేగంతో తొక్కితే రెండొందలకి పది గంటలు, చేతిలో మూడున్నర గంటలు మిగులు. ఆరుసార్లు ఇరవయ్యేసి నిమిషాలు ఆగితే రెండు గంటలు, రెండు పంక్చర్లకి ఓ గంట. ఇంకా అరగంట ఉంటుంది.

మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య మనసు మొరాయిస్తుంది. ఎందుకొచ్చిన గొడవ, బస్సెక్కేద్దాం అనిపించడం మామూలే. ఏదైనా తిని, నీడలో పది నిమిషాలు కూర్చుని, తలమీద నీళ్ళు పోసుకుని, ఆ తర్వాత నిర్ణయించుకోండి. కానీ వణుకు పుట్టినా, చెమట ఆగిపోయినా, మాట తడబడుతున్నా ఇంకో ఆలోచన వద్దు, దిగిపోండి. డీఎన్ఎఫ్ కావడం, అంటే పూర్తిచేయకుండా మానేయడం, పరువు తక్కువ పని కాదు. రాండొనర్లలో, అంటే బ్రెవేలు తొక్కేవాళ్ళలో, పాతకాపులందరికీ అలాంటివి నాలుగైదు ఉంటాయి. మానేస్తే మాత్రం నిర్వాహకుడికి ఫోను చేసి తీరాలి. చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకున్న మనిషి కోసం చీకట్లో హైవే అంతా గాలించిన సందర్భాలున్నాయి.

మూడొందలు, ఆపైనవాటిలో రాత్రి కూడా వచ్చి చేరుతుంది. నాలుగొందలకి రెండో దీపం లేకుండా వెళ్ళొద్దు. ఒకే ఏడాది వరసలో 200, 300, 400, 600 పూర్తిచేసినవాళ్ళని సూపర్ రాండొనర్ అంటారు. నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి ఆ ఏడాది ఆ నాలుగూ ఉండాలి. 1891లో పందెంగా మొదలైంది అది. అప్పటి విజేత షార్ల్ తెరోన్ 71 గంటల పైన తొక్కాడు. 1951 తర్వాత పందెం ఆగిపోయి, 1931 నుంచే పక్కన నడుస్తున్న రాండొనర్ల యాత్ర మిగిలింది. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. 2023 ఆగస్టులో రాంబుయే నుంచి బయల్దేరినవాళ్ళలో మన దేశంవాళ్ళు వందల్లోనే ఉన్నారు.

సాయంత్రం ఏడింటికి ముగింపు దగ్గరికి చేరాక చప్పట్లు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సంతకం పెట్టి కార్డు ఇచ్చేయాలి. ఆరు గంటల్లో వచ్చినవాళ్ళ పేరూ, 13 గంటల 29 నిమిషాలకి వచ్చినవాళ్ళ పేరూ ఒకే జాబితాలో చేరతాయి, ఎదురుగా ర్యాంకు అంకె ఉండదు. పిల్లవాడి ఎల్‌కేజీ నుంచి ర్యాంకులు లెక్కపెట్టే మన ఊళ్ళలో ఇలాంటి ఆట ఒకటి బతికుండటం నాకు భలే నచ్చుతుంది. ఆమోదం వచ్చిన కార్డు కొన్నాళ్ళకి తిరిగొస్తుంది. పతకం కావాలంటే డబ్బు కట్టి కొనుక్కోవాలి.

ఇంటికి మాత్రం మీరే కారు నడుపుకుంటూ బయల్దేరొద్దు, ముఖ్యంగా నాలుగొందల తర్వాత. సైకిలు మీద రాని నిద్ర స్టీరింగు ముందు వస్తుంది. ఎవరినైనా రమ్మనండి, లేదంటే అక్కడే ఓ రెండు గంటలు పడుకుని లేవండి.