కూ పక్కన మూడు

కోడీ కుంపటీ లేకుండానే తెల్లారే ఊరు బహ్రెయిన్‌లోని మనామా. ఇక్కడ నన్ను లేపేది ఫోను. శుక్రవారం సాయంత్రాలు మాత్రం మా ఇంటికి నలుగురైదుగురు పిల్లలు తెలుగు నేర్చుకోవడానికి వస్తారు. మొన్న పర్యాయపదాల్లో కోడి తగిలింది. కుక్కుటము, తామ్రచూడము, చరణాయుధము, కృకవాకువు. తాతయ్య నాచేత వల్లె వేయించిన మాటలే.

తామ్రచూడమంటే రాగిరంగు జుట్టున్నది. పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. చరణాయుధమంటే కాలే ఆయుధంగా గలది, కాలి వెనకుండే ముల్లు వల్ల వచ్చిన పేరు అన్నాను. భీమవరం పిల్లాడు తల అడ్డంగా ఊపాడు. ‘‘కాదంకుల్, కత్తి కడతారు.’’ సంక్రాంతికి ఊరెళ్లొచ్చినవాడితో నిఘంటువు పట్టుకుని ఏం వాదిస్తాం?

చిక్కంతా కృకవాకువు దగ్గర. ఇన్నేళ్లూ అది నాకు నోటికొచ్చిన మాటే గాని చెవికెక్కిన మాట కాదు. ఉణాది సూత్రాల దారిలో వెళితే కృకం అంటే గొంతు, గొంతుతో పలికేది కృకవాకువు. పదాల పుట్టుక చెప్పే నిరుక్తంలో యాస్కుడు మరోలా విడదీశాడు. ముందు సగం కూతకు అనుకరణ, వెనక సగం పలకడమనే అర్థమున్న వచ్ ధాతువు. అంటే ‘కృక’ అని కూసేది. నా ఓటు యాస్కుడికే. గొంతుతో పలకని పక్షి ఏదైనా ఉందా? కాకి పేరు కూడా దాని అరుపు నుంచే వచ్చిందని ఆయనే చెప్పాడు. ఔపమన్యవుడనే పండితుడు మాత్రం అనుకరణ వల్ల పేర్లు పుట్టవని కొట్టిపారేశాడు. ఆయనకు బారెడు పొద్దెక్కాక లేచే అలవాటేమో.

నిరుక్తంలోనే ఇంకో ముచ్చట ఉంది. ఈ పక్షిని సూర్యుడైన సవితృ దేవతకు చెందినదిగా ఎందుకన్నారంటే, అది వేళను చాటుతుంది గనక.

ఈ మాట మా ఆఫీసులో దిరాజ్ అనే పల్లె నుంచి వచ్చే పెద్దాయనకు చెబితే నవ్వాడు. ఈ తీరంలో చాలామంది పెట్టను ‘దియాయ’ అంటారు, పుస్తకాల్లోని ‘దజాజ’ నోళ్లలో నాని అలా అయింది. పుంజుకు మాత్రం పాత అరబ్బీలో గౌరవంగా ‘అబుల్ యఖ్‌జాన్’ అనే పేరుందన్నాడు. మెలకువగా ఉన్నవాడి తండ్రి అని అర్థం. 14వ శతాబ్దంలో అల్ దమీరీ రాసిన జంతువుల పుస్తకంలో పుంజుకు ఇలాంటి ‘అబూ’లు అరడజనుకు పైనే ఉన్నాయి. నమాజుకు లేపుతుంది కాబట్టి పుంజును తిట్టకూడదని హదీసు కూడా ఉంది. ‘‘మా ఇంటికి రా, వినిపిస్తాను’’ అన్నాడు పెద్దాయన.

వెళ్లాను. ఖర్జూరపు చెట్ల కింద, ఇంకా మసక వెలుతురు. కొక్కొరోకో అని వినపడుతుందనే వెళ్లాను, చిన్నప్పటి నుంచి పుస్తకంలో చదివింది అదే కదా. పుంజు మెడ సాచి కూసింది. క, ర కలిసిన గరుకు ముందు, ఆ తర్వాత సాగి సాగి సన్నబడిన ఊకారం. ‘కృక’ అని మొదట విన్న మనిషి ఎవరో గాని నాకంటే శ్రద్ధగా విన్నాడు.

తర్వాతి శుక్రవారం పిల్లలకు పాణిని సంగతి చెప్పాను. హ్రస్వం, దీర్ఘం, ప్లుతం నిర్వచించడానికి ఆయన అకారాన్ని వదిలి ఉకారాన్ని పట్టుకున్నాడు. కోడి కూతలో ఆ మూడూ వరసగా వినిపిస్తాయి కాబట్టేనని సంప్రదాయం చెబుతుంది. ఒక మాత్ర, రెండు మాత్రలు, మూడు మాత్రలు. కు, కూ, కూఊ. ఇల్లంతా కోళ్ల గూడైంది. కింది వాటా వాళ్లు ఏమనుకున్నారో!

గోల సద్దుమణిగాక ఒక పాప అడిగింది. ‘‘అంకుల్, మూడోది ఎలా రాయాలి? గుణింతంలో లేదుగా.’’

లేదు. సంస్కృతంలో చేసినట్టు కూ పక్కన 3 అంకె వేసి చూపించాను.

పాప బోర్డు వైపు కాసేపు చూసింది. ‘‘పాపం, కోడికి మూడు మార్కులేనా?’’