మోకాలి కింద దిండు

మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటికి మొదటి రోజు వెళ్ళగానే నేను చేసే పని ఎవరికీ నచ్చదు. మోకాలి కింద ఉన్న దిండు తీసేస్తాను.

దిండు లేని ఇల్లు చాలా అరుదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రే ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఆ మధ్య సత్యనారాయణపురంలో ఒకావిడ ఇంటికి వెళ్తే రెండు మోకాళ్ళ కిందా రెండు దిళ్ళు, వాటి మీద మెత్తగా మడత పెట్టిన పాత చీర. పెట్టింది ఆమె భర్త. డెబ్బై దాటిన మనిషి. రాత్రి మూడు సార్లు లేచి వాటిని సర్దారట. "అలా పెడితేనే కాస్త కన్ను మూసిందమ్మా" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. వాచిన కీలు లోపల నీరు చేరుతుంది. ఆ నీటికి మోకాలు సుమారు ముప్ఫై డిగ్రీలు వంగి ఉన్నప్పుడే చోటెక్కువ. అందుకే కాలు తనంతట తానే ఆ వంపు వెతుక్కుంటుంది. దిండు అక్కడికి చక్కగా సరిపోతుంది. కానీ మొదటి వారాల్లో మానుతున్న కండ, పొర ఎలా ఉంచితే అలాగే బిగుసుకుంటాయి. పది డిగ్రీలు చాపలేని కాలి మీద నిలబడాలంటే నిలబడినంతసేపూ తొడ కండరం బిగబట్టి మోయాలి. నడుము లాగుతుంది, కుంటు మిగిలిపోతుంది. వంగడం కాస్త ఆలస్యమైనా వస్తుంది. చాపడం మొదట్లో పోయిందంటే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. అందుకని దిండు తీసి, ఒక తువ్వాలు చుట్టగా చుట్టి మడమ కింద పెడతాను. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. దాని బరువుకు అదే కిందికి దిగాలి.

"ఎంతసేపమ్మా?" అని అడిగారాయన. పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు అన్నాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని, గోడ గడియారం వైపు చూస్తూ, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ పది నిమిషాలూ ఇద్దరూ మాట్లాడలేదు.

పద్దెనిమిదేళ్ళుగా విజయవాడలో ఇంటింటికీ తిరిగి ఫిజియోథెరపీ చేస్తున్నాను. మన దగ్గర ఈ ఆపరేషన్‌ను 'మోకాలి చిప్పల మార్పిడి' అంటారు. గుజ్జు అరిగింది, చిప్పలు మార్చారు అంటారు. నిజానికి చాలామందిలో చిప్ప వాళ్ళదే ఉంటుంది. కొందరికి మాత్రం దాని వెనకవైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు. మార్చేది తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస. ఒక్కోటి సుమారు సెంటీమీటరు మందాన చెక్కి, పైదానికి లోహపు తొడుగు, కిందదానికి లోహపు పళ్ళెం, రెంటి మధ్యా ప్లాస్టిక్ పలక అమరుస్తారు. పేరు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, 'మార్పిడి' అనే మాట విని పాతది పోయి కొత్తది వచ్చేసిందనుకుంటారు జనం. కండ, నరం, చర్మం అన్నీ వాళ్ళవే. అవి కోతకు గురయ్యాయి, అవి మానాలి. ఆపరేషన్ గంటన్నరలో అయిపోతుంది. మానడానికి నెలలు పడుతుంది, పూర్తిగా తేరుకోవడానికి ఏడాది. ఆ ఏడాది గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

మన ఇళ్ళలో ఈ ఆపరేషన్ మాట వినపడడం వాజపేయి గారితో మొదలైందని నా అభిప్రాయం. ప్రధానిగా ఉండగానే 2000 అక్టోబరులో ఒక మోకాలికి, 2001 జూన్‌లో రెండోదానికి ముంబయిలో చేయించుకున్నారు. చేసింది న్యూయార్క్‌లో స్థిరపడిన చిత్తరంజన్ రణావత్. ఇవాళ్టి మోకాలి కీళ్ళకు మూలమైన నమూనాను 1970లలో అక్కడ తయారుచేసినవాళ్ళలో ఆయనొకరు. ప్రధాని చేయించుకున్నారంటే భయం కొంత తగ్గింది కానీ ఖర్చు తగ్గలేదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరకు పరిమితి పెట్టాక, సగటున లక్షా యాభై ఎనిమిది వేలున్న కోబాల్ట్ క్రోమియం కీలు 54,720 రూపాయలకు దిగింది, పన్ను అదనం. ఆ తర్వాత నేను వెళ్ళే ఇళ్ళు మారాయి. లిఫ్టు లేని మూడో అంతస్తులు, ఇడ్లీ బండి నడిపే ఆవిడ ఒంటి గది ఇల్లు, కుట్టు మిషను పక్కనే వేసిన మడత మంచం.

ఇంటికొచ్చిన వారం పది రోజులకు ప్రతి ఇంట్లోనూ ఒకే మాట వినిపిస్తుంది. "ఎందుకు చేయించుకున్నానమ్మా?" ఆస్పత్రిలో ఉన్న మూడు నాలుగు రోజులూ నరానికిచ్చిన మత్తు, పెద్ద మందులు కాపాడతాయి. మర్నాటికే వాకర్ పట్టుకుని నడిపిస్తారు, ఫోటో తీసి అమెరికాలో ఉన్న కొడుక్కి పంపుతారు. అసలు నొప్పి ఇంటికొచ్చాక రాత్రిళ్ళు మొదలవుతుంది. ఎటూ ఒత్తిగిలలేరు. నిద్ర రాదు. నిద్ర లేక తిండి సయించదు. ఆ నీరసంలోనే పక్కింటావిడ వచ్చి, "మా వదిన పదో రోజుకే రైతుబజారుకి వెళ్ళింది" అంటుంది. దయచేసి ఆ మాట అనకండి. ఆ మాట పడ్డ మనిషి నా ఎదుట ఏడ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మందు ఎంతో ఊరట, ముందే చెప్పడం అంతే ఊరట. కోతకు బయటివైపు అరచేతి మేర మొద్దుబారుతుంది. అక్కడి చర్మానికి వెళ్ళే సన్నని నరం కోతలో తెగడమే కారణం. తాకితే తన చర్మం కాదేమో అనిపిస్తుంది. నడుస్తుంటే లోపల టక్ టక్ మంటుంది, లోహానికి ప్లాస్టిక్ తగిలే చప్పుడది. మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉంటుంది. ఇవి మామూలే. పిక్క బిగిసి వాచినా, కోత నుంచి చీము కారినా, చలిజ్వరం వచ్చినా మామూలు కాదు, ఆ పూటే డాక్టరుకు చూపించాలి. ఈ నాలుగు ముక్కలు ముందే తెలిస్తే రాత్రి రెండింటికి భయపడాల్సిన అవసరం ఉండదు. ఇంకొకటీ చెప్పాలి. ఏడాది తర్వాత అడిగితే ఐదుగురిలో ఒకరు ఈ మోకాలితో పూర్తి తృప్తి లేదంటారని విదేశాల్లో చేసిన పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. మన దగ్గర ఆ ఒక్కరు నోరు విప్పరు. పిల్లలు అంత ఖర్చు పెట్టారని బాగానే ఉందంటారు.

నేను కూడా ఒకావిడ నోరు మూయించాను. పనిలో చేరిన మూడో ఏడు. పటమటలో రిటైరైన టీచరుగారు. రెండు వారాలైనా మోకాలు డెబ్బై దాటి వంగడం లేదు. తొంభై రావాలని నాకు పట్టుదల. "ఓర్చుకోండి మేడమ్, ఇప్పుడు ఓర్చుకుంటేనే" అంటూ పాదం పట్టుకుని వెనక్కి తోశాను. ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుని పెదవి కొరుక్కున్నారు. తొంభై వచ్చింది. మర్నాడు వెళ్తే నిద్రపోతున్నారన్నారు, ఆ మర్నాడు ఒంట్లో బాగాలేదన్నారు. నాలుగో రోజు తలుపు తీసిన కోడలు నెమ్మదిగా చెప్పింది, "మీ స్కూటర్ చప్పుడు వినగానే అత్తయ్యకు కాళ్ళు వణుకుతున్నాయి." మోకాలు మళ్ళీ అరవైకి వెళ్ళిపోయింది. భయపడ్డ కండరం వంగదు, అడ్డం పడుతుంది. ఆమెను క్షమాపణ అడిగాను. "ఫరవాలేదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు బరువుగానే ఉంది.

కీళ్ళ మార్పిడికి దారి వేసిన జాన్ చార్న్‌లీ గురించి చదివినప్పుడల్లా టీచరుగారు గుర్తొస్తారు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆస్పత్రిలో ఆయన మొదట తుంటి కీలుకు టెఫ్లాన్ గిన్నె వాడారు. మొదట్లో రోగులు హాయిగా నడిచారు. కొద్ది ఏళ్ళలోనే గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టూ కండ వాచి, వందల మందికి కీలు పాడైంది. వాటిని ఆయనే తిరిగి తెరిచి తీశారు. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తన తొడలోకే ఎక్కించుకున్నారు. 1962లో వాడడం మొదలుపెట్టిన పాలిథిలిన్ నిలిచింది. ఇవాళ మన మోకాళ్ళలో ఉన్న పలక ఆ వంశానిదే. రోగి పడ్డది తన ఒంటి మీదికి తెచ్చుకోవడం అంటే అది. నేను అంత చేయలేను. అడగడం మాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు నేను వంచను, వాళ్ళే వంచుకుంటారు. మంచం అంచున కూర్చోబెట్టి, బాగున్న పాదాన్ని ఆపరేషన్ కాలి మీద ఆనించి వెనక్కి నెట్టుకోమంటాను. ఊపిరి వదులుతూ నెట్టాలి. ఎక్కడ ఆపాలో వాళ్ళిష్టం. నా చెయ్యి మోకాలి పక్కన ఉత్తినే ఉంటుంది. నొప్పి మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు మొదలుపెడతాం, అయ్యాక ఐసు.

కొలబద్దతో కొలిచి డిగ్రీలు రాస్తాను కానీ ముందు వేరే ప్రశ్న అడుగుతాను. ఈ కాలితో మీకేం కావాలి? చదునైన నేల మీద నడవడానికి డెబ్బై డిగ్రీల లోపే చాలు. మెట్లెక్కడానికి ఎనభై పైన, కుర్చీలోంచి లేవడానికి తొంభై పైన కావాలి. జవాబులు మాత్రం డిగ్రీల్లో రావు. ఇడ్లీ బండి ఆవిడకు సిటీ బస్సు మొదటి మెట్టు కావాలి. ఒక మాస్టారికి దుర్గమ్మ కొండ మెట్లు కావాలి. అందరికంటే కష్టమైన కోరిక సత్యనారాయణపురం ఆవిడది. "కింద పీట మీద కూర్చుని వ్రతం చేసుకోవాలమ్మా." చాలామంది డాక్టర్లు బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం వద్దంటారు. ఆ మాట ఆపరేషన్‌కు ముందూ చెప్పారట. విన్నదే, కానీ పీట గుర్తు రాలేదు. ముగ్గు, రుబ్బురోలు, విస్తరి, పిల్లల నీళ్ళు, పేరంటం. అరవై ఎనిమిదేళ్ళ బతుకంతా నేల మీద గడిచింది. ఆ నేల పోయిందని ఆమెకు ఇంట్లో తెలిసింది.

"కుర్చీ వేసుకోవచ్చు కదండీ" అన్నాను. "దేవుడు కిందా, నేను పైనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండ్రోజులు ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. మూడో రోజు వెళ్ళేసరికి ఆమె భర్త స్టోర్ రూములోంచి పాత చదువుకునే బల్ల తీయించి కడుగుతున్నారు. మండపం దాని మీద పెడతారట. కుర్చీ కంటే జానెడు ఎత్తు వస్తుందని టేపు పెట్టి చూపించారు.

ఆరో వారం చివర్న మెట్లు మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. రెండు కాళ్ళకూ చేశారు గనక ఏది బలమైనదో ఆమే తేల్చుకున్నారు, కుడిదట. కర్ర పొరపాటున ఎడమ చేతికి ఇచ్చాను. అది నొప్పి కాలికి ఎదుటి చేతిలో, అంటే కుడిచేతిలో ఉండాలి. ఆమే సరిచేసి, ఐదు మెట్లు ఎక్కి దిగారు.

నేను బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగారు, "రాత్రి పక్కకి తిరిగి పడుకోవచ్చా అంటోంది. ఆ దిండు మళ్ళీ ఇవ్వచ్చా?"

ఇవ్వచ్చన్నాను. మోకాళ్ళ కింద కాదు, రెంటి మధ్య.