కావలి ఎవరి వంతు?

మా అమ్మ ఏటా పెట్టే ఆవకాయకి ఒక కట్టుబాటు ఉండేది. పాత జాడీ ఖాళీ అయితే గాని కొత్త జాడీ వాసెన విప్పకూడదు. నాన్నకీ, వచ్చిపోయే చుట్టాలకీ మాత్రం ఒక చిన్న జాడీ విడిగా తీసేది. మూడోనాడే వాళ్లకి వేడన్నం, నెయ్యి, కొత్తావకాయ. అమ్మా, నాయనమ్మా, నేనూ అడుగున నల్లబడ్డ ముక్కలతో సరిపెట్టుకునేవాళ్లం. అవి అయ్యేసరికి కొత్తది కూడా పాతదై కూర్చునేది. అటక నిండా వడియాలు, ఒరుగులు, చింతపండు. ఏ ఏడు ఏం ముంచుకొస్తుందో అనేది అమ్మ. ముంచుకొచ్చేదాని కోసం అంత సిద్ధం చేసిన మనిషి నాలుకకి ఏం దక్కిందని అప్పట్లో నాకు తోచలేదు. అమ్మని అడిగినా పాతదే రుచి అనేదేమో.

ఆక్టేవియా బట్లర్ నవల ‘పేరబుల్ ఆఫ్ ది సోయర్’ రెండోసారి చదువుతున్నప్పుడు ఆ జాడీలు గుర్తొచ్చాయి. పేరు బైబిల్లోని విత్తువాని ఉపమానం నుంచి తీసుకున్నది. 1993లో వచ్చింది. కథ 2024లో మొదలై 2027లో ముగుస్తుంది. లాస్ ఏంజెలెస్‌కి దగ్గర్లో రోబ్లెడో అనే ఊళ్లో, గోడ కట్టుకుని బతుకుతున్న ఒక చిన్న వీధి. గోడ బయట ఆకలి, నిప్పు, తుపాకులు. నీళ్లు కొనుక్కోవాలి. పోలీసుల్ని పిలిస్తే డబ్బు కట్టాలి. లారెన్ అనే పదిహేనేళ్ల నల్లజాతి పిల్ల డైరీ రూపంలో ఇదంతా చెబుతుంది.

2025 జనవరిలో ఆల్టడీనా తగలబడినప్పుడు ఈ నవల మళ్లీ అందరి నోళ్లలో పడింది. బట్లర్ సమాధి ఉన్న ఊరది. లారెన్ డైరీలో 2025 ఫిబ్రవరి 1న అగ్నిప్రమాదం గురించి రాసుకుంటుంది కూడా. ఇంకేం, జోస్యం అన్నారు. నాకా మాట నచ్చదు. జోస్యం అనేస్తే రచయిత్రి చేసిన చాకిరీ మాయమైపోతుంది. 1990ల కాలిఫోర్నియాలో తన కళ్లెదుట ఉన్న వేడినీ, మత్తుమందుల్నీ, డబ్బున్నవాళ్ల గోడల్నీ ఆవిడ ముప్పై ఏళ్లు ముందుకి నడిపించి చూసింది. ఇళ్లలో పాచిపని చేసి పెంచిన తల్లికి పుట్టిన కూతురు ఆవిడ. గోడకి ఇవతల ఎవరుంటారో అవతల ఎవరుంటారో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

నేను మొదటిసారి చదివింది 2020 లాక్‌డౌన్‌లో. ఆవిడ పోయిన 14 ఏళ్లకి, ఆ సెప్టెంబర్లోనే ఇది న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలోకి ఎక్కింది. చాలామందిలాగే నేనూ దాన్ని మూట సర్దుకోవడం నేర్పే పుస్తకంగా చదివాను. లారెన్ ఏం సర్దుకుందో చూడండి. నీళ్లకి సీసాలు, చిన్న గొడ్డలి, గిన్నె, ఎండబెట్టిన పళ్లు, కొంత డబ్బు, విత్తనాలు. మొక్కల పుస్తకాలు చదివి ఏది తినొచ్చో నేర్చుకుంటుంది. నాన్న దగ్గర తుపాకి పేల్చడం నేర్చుకుంటుంది. నేను బియ్యం, మాత్రలు, కొవ్వొత్తులు కొన్నాను. పనిమనిషిని రావద్దన్నాను గనుక అంట్లూ బట్టలూ నా నెత్తినే పడ్డాయి (ఇంట్లో ఇంకా ఇద్దరు ఆరోగ్యవంతులు ఉన్నారని ఇక్కడ రాసి తీరాలి). ఆ నెలల్లో నేనొక పాట విన్న గుర్తు లేదు. దూరంగా రోడ్లమీద జనం నడిచిపోతుంటే మన ఇంట్లో మల్లెపూలు మాల కట్టుకోవడం తప్పుగా తోచింది. మొగ్గలు చెట్టుకే విచ్చి రాలిపోయాయి. దానివల్ల నడిచేవాళ్లలో ఒక్కరికీ ఒరిగిందేమీ లేదు.

ఈసారి చదివినప్పుడు నాకు మూట కంటే లారెన్ శరీరం ముఖ్యంగా కనిపించింది. తల్లి వాడిన మందు వల్ల పుట్టుకతో వచ్చిన అవస్థ ఆమెది. ఎదుటివాళ్ల నొప్పి చూస్తే అది తన ఒంట్లోకి వచ్చేస్తుంది. ఎవరినైనా కొడితే ఆ దెబ్బ తనకే తగులుతుంది. నవల గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఈ నొప్పి గురించే రాస్తారు. కానీ లారెన్ ఇంకో మాట కూడా చెబుతుంది. ఎదుటివాళ్ల సుఖం కూడా తనకి అందుతుందట. కాకపోతే చుట్టూ సుఖం అంత లేదు. తనకి పంచుకోవాలనిపించిన సుఖం దాదాపు ఒక్క శృంగారమేనని ఏ సిగ్గూ లేకుండా రాసుకుంటుంది. అపురూపంగా దొరికే ఈ చోటుని నవల ఎందుకో త్వరగా దాటేస్తుంది. నొప్పికి పుటలు పుటలు ఇచ్చిన రచయిత్రి సుఖానికి కొన్ని వాక్యాలే ఇచ్చింది. పైగా లారెన్‌కి ప్రేమికుడిగా దొరికేది తండ్రి వయసున్న డాక్టరు బ్యాంకోల్. ఇద్దరూ ఇష్టపడే దగ్గరయ్యారు, ఒప్పుకుంటాను. అయినా పద్దెనిమిదేళ్ల పిల్లకి సుఖమూ, భద్రతా, భూమీ ఒకే పెద్దమనిషి చేతిలోంచి రావడం నాకు మింగుడుపడలేదు.

నవలలో నన్ను బాగా పట్టి ఆపిన ఘట్టం మాత్రం జారాది. తిండికి గతిలేని తల్లి దగ్గర్నుంచి ఒక మగవాడు కొనుక్కుని తన భార్యల్లో చిన్నదాన్ని చేసుకున్న పిల్ల. గోడ కూలి వీధి తగలబడిన రాత్రి ఆమె పసిబిడ్డ చనిపోయింది. తర్వాత లారెన్, జారా, హారీ ముగ్గురూ రోడ్డున పడి ఉత్తరానికి నడుస్తారు. రాత్రిళ్లు వంతులవారీగా కావలి కాయాలని నియమం. ఒక రాత్రి లారెన్‌కి మెలకువ వచ్చేసరికి జారా, హారీ దగ్గరై ఉంటారు. కావలి కాసేవాళ్లే లేరు. లారెన్ నిద్రమాని తానే కాస్తుంది. తర్వాత మందలిస్తుంది కూడా. ప్రేమించుకుంటే తప్పు లేదు, కావలి వదిలేస్తే ముగ్గురం చస్తాం, ఇదీ ఆమె వాదన సారాంశం.

మొదటిసారి నేను లారెన్ పక్షమే. ఎంత బాధ్యత లేని మనుషులనుకున్నాను. ఇప్పుడు జారా వైపు నుంచి చూస్తే వేరే సంగతి తోస్తోంది. అమ్ముడుపోయిన ఆ పిల్ల బతుకులో తాను ఎంచుకుని ఒక మనిషి దగ్గరికి వెళ్లడం బహుశా అదే మొదలు. బిడ్డ పోయి ఎన్నాళ్లో కాలేదు. ఆ దుఃఖానికి ఒక చర్మం వెచ్చదనం కావాలి. దాన్ని రేపటికి వాయిదా వెయ్యమంటే ఏ రేపటికి? అలాగని లారెన్ కోపం తప్పు కాదు. బట్లర్ గొప్పతనం ఇక్కడ ఉంది, ఇద్దరిలో ఎవరినీ ఓడించలేదు. సుఖం వద్దని లారెన్ అనలేదు, ఎవరో ఒకరు మేలుకుని ఉండమంది. ఆ ఎవరో ఒకరు రోజూ ఒకరే కాకూడదు గనుకే వంతులు పెట్టుకున్నారు. మా ఇంట్లో వంతులు లేవు. అమ్మ ఒక్కతే మేలుకుని ఉండేది.

బతికి బయటపడటం గురించిన కథలకి చాలావాటికి ఈ వంతుల గొడవ పట్టదు. వాటిల్లో ఒక మగవాడు తుపాకి పట్టుకుని నిలబడతాడు. తిండి ఎలాగో వచ్చేస్తుంది, గిన్నెలు ఎవరు తోమారో తెలీదు. బట్లర్ ఆ పని చెయ్యలేదు. ఓక్ కాయలతో రొట్టె చెయ్యడం, నీళ్లు కొనడం, జారాకి లారెన్ చదువు నేర్పడం, ఇవే అక్కడ సాహసాలు. చివర చేరిన చోట వాళ్లకి దొరికేది కాలిపోయిన ఇల్లూ, ఎముకలూ. చనిపోయిన తమవాళ్ల పేర ఓక్ విత్తులు నాటతారు. మూటలో మోసుకొచ్చిన కూరగాయల విత్తనాలు వేరే ఉండనే ఉన్నాయి.

విత్తనాలు అనగానే నాకు జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు గుర్తొస్తారు. ఎక్కువమంది దళితులు, చిన్నచెక్కల రైతులు. కరువు నేలలో కొర్రలు, సామలు, జొన్నలు, పప్పుల విత్తనాలు బుట్టల్లో బూడిదా వేపాకూ కలిపి దాచుకున్నారు. అదీ రేపటి కోసం సిద్ధం కావడమే. కానీ సంక్రాంతి నుంచి ఆ విత్తనాల్ని ఎడ్లబండ్ల మీద అలంకరించి, పాడుకుంటూ ఊరూరా తిప్పే పాత పంటల జాతర చేశారు. లారెన్ మూటకి ఇలాంటి జాతర లేదు. నవలలో లోటు అంటే నాకు ఇదే కనిపిస్తుంది. లారెన్ స్థాపించిన కొత్త మతానికి పద్యాలున్నాయి, పండగ మాత్రం ఇంకా పుట్టలేదు.

మళ్లీ మొదటి పేజీలకి వెళ్తే అక్కడ సవతితల్లి కోరీ ఉంటుంది. లారెన్‌కి అప్పుడు ఏడేళ్లు. చీకట్లో ఇద్దరూ ఆరేసిన బట్టలు తీస్తుంటారు. తన చిన్నప్పుడు ఊళ్లన్నీ దీపాలతో వెలిగిపోయేవని, నక్షత్రాలు ఇంతగా కనిపించేవి కావని కోరీ చెబుతుంది. నాకు నక్షత్రాలే ఇష్టం అంటుంది పిల్ల. కోరీకి ఆ దీపాలే కావాలి. నవల పిల్ల మాటనే పట్టుకుని ముందుకి సాగిపోతుంది. కోరీది పోయినదాని మీద బెంగ అని సరిపెట్టేస్తుంది. 2020లో నేనూ అలాగే సరిపెట్టాను. ఈసారి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పగలంతా పిల్లలకి చదువు చెప్పి, రాత్రి బట్టలు తీస్తూ, కాసిని దీపాలు కావాలని అడిగిన ఆ ఆడమనిషిని గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు. నేనైనా ఇంకాస్త రాయాల్సింది.