అక్షహృదయము - యంత్రక్రీడలు

కంప్యూటరు క్రీడలను గూర్చి మనలో రెండు మాటలు ప్రచారమున నున్నవి. అవి ద్యూతమువంటి వ్యసనములనియు, పండితులు తలపెట్టదగినవి కావనియు నొకమాట. అవి నూతన దృశ్యకావ్యములనియు, వానికి రసచర్చ చెల్లుననియు రెండవమాట. రెండును క్రీడను వెలుపలనుండి చూచి చెప్పినవే యని నా యభిప్రాయము. ఆడువాడు తెరమీది చిత్రమును చూచుట తొలినాళ్లలోనే. పదిదినములాడిన పిదప నతడు చూచునది చిత్రము వెనుకనున్న ధర్మమును. ఆ ధర్మమునకు తగిన పేరు మన భారతముననే కలదు.

రాజరాజనరేంద్రుని కాలమున, 11వ శతాబ్దిని, నన్నయభట్టు తెనిగించిన యారణ్యపర్వభాగమున నలోపాఖ్యానమున్నది. జూదమున రాజ్యము గోలుపోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియయ్యెను. త్రోవలో ఋతుపర్ణుడొక తాండ్రచెట్టును చూచినంతనే దాని యాకులకును కాయలకును లెక్క చెప్పెను. నలుడు విని యూరకుండలేదు. రథము దిగి చెట్టును గూల్చి, లెక్కించి, నిజమని తెలిసికొని, తన యశ్వహృదయమునిచ్చి యక్షహృదయమును గ్రహించెను. అంతట కలి యతనిని విడిచిపోయెను. పాచిక మారలేదు, పుష్కరుడు మారలేదు. పాచికలో నడచు లెక్క నలునకు తెలిసినది. చెప్పినదానిని నమ్మక చెట్టును గూల్చి లెక్కించిన యా ఘట్టమున యంత్రక్రీడ నాడువాని స్వభావమంతయు నిమిడియున్నదని నాకు తోచును.

మన యిండ్లలోని యష్టాచెమ్మాలో నియమము ఆడువారి నోటనే యుండును. నాలుగు గవ్వలును వెల్లకిలబడిన చెమ్మ, బోరగిలబడిన నష్ట. ఒక్క కాయనైన చంపనిదే లోపలిగడులలోనికి పోరాదని కొందరందురు. ఆ నిర్బంధము లేదని మరికొందరందురు. తగవు వచ్చినచో నవ్వమాటయే ప్రమాణము. యంత్రక్రీడలో నవ్వ లేదు. నియమమును కల్పకుడు యంత్రమునందు దాచియుంచును. ఆడువాడు ఓడి, మరల నాడి, దానిని ఊహించి తీయవలయును.

1980లో జపానుదేశమున నామ్కో సంస్థవారు వెలువరించిన పాక్‌మాన్ అను క్రీడను చూడుడు. చుక్కలను మ్రింగుచు పోవు పసుపువన్నె ముఖమునొకదానిని నాలుగు భూతములు తరుముచుండును. చూచువానికి నాలుగును నొక్కటే. కాని యెఱ్ఱది ఆటగాడున్న గడికే గురిపెట్టును. గులాబివన్నెది యతని మొగము తిరిగిన దిక్కున నాలుగు గడుల ముందునకు గురిపెట్టును. నీలిది యెఱ్ఱది యున్నచోటునుగూడ లెక్కగొనును. నారింజవన్నెది దూరమునుండి తరిమి, చేరువకు రాగానే తన మూలకు మరలిపోవును. ఆటగాడొకే తీరున నడచినచో భూతములు నొకే తీరున నడచునని కనిపెట్టినవారు, నిర్ణీతమార్గములను కంఠస్థము చేసి, గంటలకొలది యాడిరి. 256వ అంతస్తునకు చేరినప్పుడు లెక్కను పట్టియుంచు స్థానము చాలక, తెర కుడిసగమంతయు నక్షరములు చిందరవందర యగును. అది కల్పకుడు తలచినది కాదు. ఆటగాండ్రు మాత్రము దానిని చూచుటకే పోయిరి! చెట్టు మొదలంట కూలినదాక వారు లెక్కించిరన్నమాట.

అన్ని క్రీడలు నిట్లు నిజాయితిగా నుండవు. సివిలిజేషన్ అను క్రీడను కల్పించిన సిడ్ మెయర్ 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యొక సభలో ప్రసంగించుచు, బలము 3కు 1 అని చూపిన యుద్ధమున నోడినప్పుడు ఆటగాండ్రు తమకన్యాయము జరిగినదని తలచిరనియు, వారి మనసునకు తగునట్లు లెక్కను సవరింపవలసివచ్చెననియు చెప్పెను. మన గవ్వలకిట్టి మొగమోటము లేదు.

ఇక నాడువానికిని బొమ్మకును గల సంబంధము. దీనికి వ్యవహారభాషయే సాక్ష్యము. భీమవరపు ప్రాంతమున సంక్రాంతికి కుక్కుటశాస్త్రమును తిరుగవేసి, డేగయో కాకియో చూచి, బరిలో దింపినవాడు "నా కోడి యోడినది" అనును. అష్టాచెమ్మా యాడునామె "నా కాయ చచ్చినది" అనును. అది నడిమిగడి చేరెనా, "పండినది". చేతిఫోనులో పబ్జీ యాడు బాలుడు "నేను చచ్చితిని" అనును. ఉత్తమపురుషకు మార్పు ఇక్కడనే. కోడి పోరు కోడిది. కాయ నడక గవ్వది. తెరమీది బొమ్మ వ్రేలు కదలినట్లు కదలును గనుక దాని చేష్ట తనదే యని యతనికి తోచును.

రసవాదులకిచ్చట చిక్కు కలదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమున తనది, పరునిది యను భేదము తొలగవలయును. క్రీడలో "తనది" యనునది యెన్నడును తొలగదు. ఆటగాని భయము భయమే, భయానకరసము కాదు. కావున దృశ్యకావ్యమని మెచ్చుకొనువారి త్రాసు దీనికి చాలదు. ఇచ్చటి యానందము లెక్క సరిపోయినప్పుడు నలునికి గలిగినది. దానికి వేరు పేరు పెట్టి విచారింపవలసియున్నది.

ఈ భేదము తెలియకుండుటచే ధనక్రీడల విషయమున గొప్పచిక్కు వచ్చినది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కక్షిగా నున్న వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలయును గనుక రమ్మీ ప్రధానముగా నేర్పుగల యాటయని తీర్పుచెప్పెను. అది చాపమీద నలుగురు కూర్చుండి యాడిన రమ్మీ. పేక కలుపు చేయి అందరికిని కనబడును. యంత్రమందలి రమ్మీలో ఆ చేయి కనబడదు. ముక్కలను గూర్చిన నేర్పు ఎంతయున్నను, కలుపుటను గూర్చిన హృదయము ఆడువానికందదు. సభాపర్వమున పణము దుర్యోధనునిది, పాచిక శకునిది. 2020లో మన రాష్ట్రప్రభుత్వమును, 2025లో పార్లమెంటును పణమొడ్డు యంత్రక్రీడలను నిషేధించి చట్టములు చేసినవి. 2025 నాటి చట్టము నేర్పా, యదృష్టమా యను ప్రశ్ననే ప్రక్కకు నెట్టినది. నిషేధమునకు నేను విరోధిని కాను. కాని యే క్రీడ తన హృదయమును ఆడువానికి దొరకనిచ్చునో, ఏది దాచి ధనము లాగునో విడదీసి చెప్పుట చట్టము పని కాదు, విమర్శకుని పని.

ఆ పనికి పాఠనిర్ణయమే మొదటి యడ్డంకి. తాళపత్రములను కూర్చిన కాకినాడ పరిషత్తువారి త్రోవ మనకు తెలిసినదే: ప్రతులను సేకరించి, పాఠభేదములను చూచి, పిదప మాట్లాడుట. యంత్రక్రీడకు ప్రతి లేదు. నూరుగురు ద్వీపమున దిగి పోరు పబ్జీ 2020 సెప్టెంబరు 2న మన దేశమున నిషిద్ధమయ్యెను. అక్టోబరు 30న దాని సేవ నిలిచెను. 2021లో వేరుపేరుతో వచ్చి, 2022లో తొలగింపబడి, 2023లో మరల వచ్చినది. నడుమ నియమములు పలుమారులు మారినవి. మొదటి పాఠమునాడిన బాలురు నేడు యువకులు. ఏ తుపాకి కెంత బలమో, కొత్తవారి తొలియాటలలో యంత్రచాలితములైన బొమ్మలను మనుష్యులవలె నెట్లు కలిపిరో వారికి జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకమును వ్రాయించి యుంచుట పండితులకు చిన్నతనము కాదు. అష్టాచెమ్మా పాఠములుగూడ, నవ్వలుండగనే, ఆ పుస్తకముననే చేర్పవచ్చును.