ఒక్క కార్బైన్ కోసం చేసిన తూటా

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే షూటింగ్ మైదానం ఉంది. జాతీయ స్థాయి పోటీలు 1907లో అక్కడికి చేరాయి. ఇప్పుడు వాటిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం1 కార్బైన్ అనే పొట్టి రైఫిల్‌కు ప్రత్యేకంగా ఒక పోటీ ఉంది. లక్ష్యం నూరు గజాల దూరంలో ఉంటుంది. పడుకుని, కూర్చుని, నిలబడి కాల్చాలి. తుపాకీ మీద టెలిస్కోపు ఉండదు, కంటిచూపే ఆధారం. ఇలాంటి పోటీలకు సొంతంగా చేసుకున్న తూటాలు తెచ్చుకునే షూటర్లను వాళ్ల పెట్టెలను చూసి గుర్తుపట్టవచ్చు. కంపెనీ ముద్రకు బదులు పెట్టె మీద చేతిరాత ఉంటుంది: తయారు చేసిన తేదీ, తూటా మందు పేరు, దాని తూకం, ఇత్తడి కేసు పొడవు, ఆ కేసును ఎన్నోసారి వాడుతున్నదీ.

ఈ కార్బైన్ పోటీల కోసం పుట్టింది కాదు. డ్రైవర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, మోర్టార్ మోసేవాళ్లు, అధికారులు వంటి వారికి పిస్తోలు చాలదు, పెద్ద రైఫిల్ బరువవుతుంది. వాళ్ల కోసం అమెరికా సైన్యం దీన్ని 1941లో స్వీకరించింది. ఆ పెద్ద రైఫిల్ గరాండ్ 4.3 కిలోలుంటే ఇది 2.4 కిలోలే. యుద్ధం ముగిసేలోగా 60 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిని చేసినవాళ్లలో తుపాకుల కంపెనీ వించెస్టర్ ఒక్కటే. మిగతావన్నీ వేరే వ్యాపారాలు. జనరల్ మోటార్స్‌కు చెందిన ఇన్‌లాండ్ విభాగం అందరికంటే ఎక్కువ చేసింది. టైప్‌రైటర్లు చేసే అండర్‌వుడ్, లెక్కల యంత్రాలు చేసే ఐబీఎం, నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సులు చేసే రాక్-ఓలా కూడా కార్బైన్లు చేశాయి. యుద్ధం తర్వాత మరమ్మతు షెడ్లలో ఒకరి భాగాలు మరొకరి తుపాకుల్లోకి చేరాయి. వీటికి తోడు ఈమధ్య ఆటో-ఆర్డ్‌నెన్స్ వంటి సంస్థలు పాత నమూనాలో కొత్తవి కూడా చేస్తున్నాయి.

ఇలా ఒక్కో కార్బైన్ కొలతలు కాస్త తేడాగా ఉండటంతోనే చేతి తూటాల అవసరం మొదలైంది. ఫ్యాక్టరీ తూటా ఆ లక్షల కార్బైన్లన్నిటిలోనూ ఇరుక్కోకుండా పేలాలి. అందుకే దాని కొలతలు అందరికీ సరిపడేలా, మధ్యస్థంగా ఉంటాయి. సాధారణ తూటాలతో ఈ కార్బైన్ నూరు గజాల దగ్గర మూడు నుంచి ఐదు అంగుళాల వెడల్పులో గుళ్లను పడేస్తుంది. సైనికుడికి అది చాలు, పోటీకి దిగినవాడికి చాలదు. అందుకని అతను తన బల్ల దగ్గర కూర్చుని తన చేతిలోని ఒక్క తుపాకీకి సరిపడే తూటా చేసుకుంటాడు.

ఈ అలవాటు ఇప్పటిది కాదు. జాన్ బార్లో 1884లో నెలకొల్పిన ఐడియల్ కంపెనీ, పటకారులాంటి చిన్న పనిముట్లతో ఇంట్లోనే తూటాలు నింపుకునే వీలు కల్పించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బజారులో తూటాలకు కరువొచ్చినప్పుడు ఈ పని కొత్తగా ఊపందుకుంది. ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ ఇప్పటికీ తూటాలు నింపే ప్రెస్సులు, కేసులకు ఆకారమిచ్చే డైలు చేస్తోంది. కాల్చేసిన .22 తూటాల ఖాళీ కేసులతో బుల్లెట్లకు తొడుగులు చేసే డైలే దాని తొలి సరుకు.

తూటాలో నాలుగే భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున మందును అంటించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. ఒక్కసారి పేలితే మూడు పోతాయి, కేసు మిగులుతుంది. మళ్లీ నింపేది దాన్నే. ముందుగా మొక్కజొన్న కండెల పొడిలోనో వాల్‌నట్ పెంకుల పొడిలోనో దొర్లించి మసి వదలగొడతారు. తర్వాత ప్రెస్‌కు బిగించిన డైలోకి నెడితే, పేలుడుకు ఉబ్బిన కేసు పాత కొలతకు వస్తుంది, వాడిన ప్రైమర్ ఊడిపోతుంది. కార్బైన్ కేసు చూడటానికి తిన్నని గొట్టంలా ఉంటుంది కానీ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే ఎంత నున్నటి కార్బైడ్ డై అయినా కాస్త నూనె పూయాల్సిందే. పూయకపోతే కేసు డైలోనే బిగుసుకుపోతుంది.

అసలు పనితనం కేసు పొడవులో ఉంది. చాలా రైఫిల్ తూటాలకు భుజం లాంటి వాలు ఉంటుంది. తుపాకీలో తూటా కూర్చునే గదిలో ఆ భుజమే ఆనుకుని తూటాను సరైన చోట నిలబెడుతుంది. కార్బైన్ తూటాకు భుజం లేదు, వెనక అంచూ లేదు. గది చివరనున్న సన్నటి మెట్టుకు కేసు మూతి ఆనుకుంటుంది. తూటా మొత్తాన్ని నిలబెట్టే ఆధారం అదొక్కటే. ఈ కేసు పొడవు 1.290 అంగుళాలకు, అంటే దాదాపు 32.77 మిల్లీమీటర్లకు మించకూడదు. మించితే మూతి మెట్టు దాటి బుల్లెట్‌ను బిగబట్టేస్తుంది, పీడనం పెరుగుతుంది, గదిని మూసే బోల్టు పూర్తిగా మూసుకోకపోవచ్చు. మరీ పొట్టిదైతే తూటా ముందుకు జారిపోతుంది, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బ బలంగా తగలదు, పేలకపోవచ్చు. ప్రతి వాడకంలోనూ ఇత్తడి కొంచెం సాగుతుంది కనుక ప్రతి కేసునూ వెర్నియర్‌తో కొలిచి, పొడుగైనవాటిని కత్తిరించి, అన్నిటినీ ఒకే పొడవుకు తెస్తారు. గంటల తరబడి సాగే విసుగు పని ఇది. బుల్లెట్లు ఒకే చోట పడటానికి ఈ విసుగు పనే ముఖ్యమని ఈ వ్యాసకర్త నమ్మకం.

బుల్లెట్ కూర్చాక మూతి నొక్కడంలోనూ ఇదే లెక్క. రివాల్వర్ తూటాలకు చేసినట్టు మూతిని లోపలికి మడిచేస్తే ఆనుకోవడానికి అంచే మిగలదు. కాబట్టి మడవకుండా, ఏటవాలుగా కొద్దిగా నొక్కి వదిలేస్తారు.

ప్రైమర్ విషయంలో అజాగ్రత్త ప్రమాదం. ఈ కార్బైన్‌లో ఫైరింగ్ పిన్‌కు స్ప్రింగు ఉండదు. బోల్టు మూసుకునే ఊపుకు అది ముందుకు వచ్చి ప్రైమర్‌ను తాకగలదు. ప్రైమర్ కేసు అడుగు కంటే వెంట్రుక వాసి పైకి ఉన్నా ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలవచ్చు. అందుకే అనుభవజ్ఞులు పూర్తయిన ప్రతి తూటా అడుగునూ వేలితో తడిమి చూస్తారు.

మందును కొలిచే ప్రమాణం గ్రెయిన్. ఒక ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన కొలత అది, 64.8 మిల్లీగ్రాములు. బంగారం తూచడానికి మన కంసాలులు వాడిన గురివింద గింజ రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువే తూగుతుంది. తూటా నింపేవాళ్లు గ్రెయిన్‌లో పదో వంతు తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటారు. కార్బైన్‌తో ఎక్కువగా ముడిపడిన మందు హెచ్ 110. గసగసాల్లాంటి సన్నటి పలుకులు కావడంతో కొలపాత్రలోంచి ధారగా, సమంగా జారుతుంది. సరైన మోతాదుతోనే కేసు దాదాపు నిండుతుంది కనుక పొరపాటున రెండోసారి పోస్తే పొర్లి బయటపడిపోతుంది. ఈ మందును ఇష్టమొచ్చినట్టు తగ్గించకూడదని తయారీదారులే హెచ్చరిస్తారు. తగ్గిస్తే సరిగ్గా అంటుకోక బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోవచ్చు. మోతాదును అచ్చయిన లోడింగ్ పుస్తకం చూసే తీసుకోవాలి, ఎవరో చెప్పగా విన్నది పనికిరాదు.

కార్బైన్ తనంతట తానే ఖాళీ కేసును బయటికి విసిరి కొత్త తూటాను లోపలికి తీసుకుంటుంది. ఆ పని చేసే పొట్టి పిస్టన్ డేవిడ్ మార్షల్ విలియమ్స్ ఆలోచన. ఉత్తర కరోలినా జైల్లో శిక్ష అనుభవిస్తూనే ఆయన తుపాకీ యంత్రాల మీద పనిచేశారు. ఆయన కథతో 1952లో హాలీవుడ్‌లో సినిమా కూడా వచ్చింది. పేలుడు వాయువు పీడనం చాలకపోతే ఆ పిస్టన్ కదలదు, ఎక్కువైతే బోల్టును బాదేస్తుంది. కాబట్టి పోటీ తూటాకు కూడా 110 గ్రెయిన్ల బుల్లెట్‌నే, సైన్యం వాడిన వేగానికి దగ్గరగా, సెకనుకు దాదాపు 600 మీటర్లతో పంపుతారు. ఇక్కడ వేగం పెంచడం లక్ష్యం కాదు. ప్రతి తూటా పక్కదానిలాగే ఉండాలి, అంతే.

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ వంటివారు 50 మీటర్ల పోటీల్లో వాడే .22 తూటాను ఇలా నింపడం కుదరదు. దాని ప్రైమర్ రసాయనం కేసు అంచులోనే ఉంటుంది. అందుకే మేటి షూటర్లు ఫ్యాక్టరీలో వేర్వేరు దఫాలుగా తయారైన తూటాలను తమ రైఫిల్‌తో కాల్చి చూసి, కుదిరిన దఫాను ఎంచుకుంటారు. తుపాకీకి నప్పిన తూటా వెతకడంలో రెండు చోట్లా తపన ఒకటే.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

కార్బైన్ ఖాళీ కేసులను చాలా దూరం విసురుతుంది. కాల్పులు ఆపమన్నాక షూటర్లు వంగి గడ్డిలో వాటిని ఏరుకుంటారు. ఇంటికొచ్చాక వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూస్తారు. మూతి దగ్గర సన్నటి పగులు కనిపిస్తే ఆ కేసు పని అయిపోయినట్టే. మంచివాటిలో పొరపాటున కలవకుండా పటకారుతో నొక్కి చదును చేసి, పాత ఇత్తడి డబ్బాలో వేస్తారు.