స్మాల్‌టాక్ ఉపకరణాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక ప్రోగ్రామింగ్ భాష మంచిదా కాదా అని అడిగితే మనలో చాలామంది దాని వ్యాకరణం వైపే చూస్తాం. క్లాసులు ఎలా రాయాలి, ఇన్హెరిటెన్స్ ఒక క్లాసు నుంచేనా లేక చాలా క్లాసుల నుంచి కుదురుతుందా, టైపులు ముందే ప్రకటించాలా అన్న ప్రశ్నలతో చర్చ ముగుస్తుంది. ఇంతకుముందు యూనిట్లలో జావాను మీరు ఆ దృష్టితోనే చదివారు. ఈ పాఠంలో మరో రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆ భాషలో పనిచేసేవారి చేతికి ఏ ఉపకరణాలు అందుతున్నాయి? ప్రోగ్రాం తప్పు చేసినప్పుడు అవి ఏం చూపిస్తున్నాయి? వీటికి అన్ని భాషల కంటే సాహసంగా జవాబు చెప్పినది స్మాల్‌టాక్. ఆ జవాబులో గొప్పతనం ఎంత, దోషం ఎంత అన్నది ఇక్కడ మన విచారణ.

ఈ విచారణ మీకు అవసరం లేదనుకోవద్దు. రెగ్యులర్ కళాశాలలో చదివేవారికి పక్క కుర్చీలో మిత్రుడు ఉంటాడు, ల్యాబ్‌లో అధ్యాపకులు ఉంటారు. మీకు ఉన్నవి కొద్ది రోజుల కాంటాక్టు తరగతులు. మిగతా సంవత్సరమంతా ఉద్యోగమో ఇంటిపనో ముగించుకుని రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ప్రోగ్రాం అక్కడ ఆగిపోతే మీతో మాట్లాడేది తెర మీది ఉపకరణం ఒక్కటే. అది ఎర్ర అక్షరాల్లో ఇరవై వరుసలు చూపించి ఊరుకుంటే చాలామంది పుస్తకం మూసేస్తారు. కాబట్టి ఉపకరణాల నాణ్యత మీ విషయంలో సౌకర్యానికి సంబంధించినది మాత్రమే కాదు. చదువు కొనసాగుతుందా లేదా అన్నది కూడా కొంత దాని మీద ఆధారపడి ఉంది.

భాష, పరిసరం: రెండూ ఒకటే

అమెరికాలోని కాలిఫోర్నియాలో జిరాక్స్ సంస్థ నడిపిన పార్క్ పరిశోధన కేంద్రంలో 1970ల మొదట్లో స్మాల్‌టాక్ పుట్టింది. అలన్ కే దాన్ని ఊహించాడు, డాన్ ఇంగాల్స్ అమలుచేసి చూపించాడు, అడెల్ గోల్డ్‌బర్గ్ పిల్లలతోనూ పెద్దలతోనూ దాన్ని పరీక్షించి గ్రంథస్థం చేశారు. 1972, 1976, 1980 రూపాలు వరుసగా వచ్చాయి. ఇన్హెరిటెన్స్ చేరింది 1976 రూపంలో. బయటి ప్రపంచానికి విడుదలైనది స్మాల్‌టాక్-80. దాని గురించి గోల్డ్‌బర్గ్, డేవిడ్ రాబ్సన్ కలిసి రాసిన భాషా గ్రంథం 1983లో వచ్చింది. మరుసటి ఏడాదే గోల్డ్‌బర్గ్ మరో పుస్తకం ప్రచురించారు. అది కేవలం ఆ భాష పనిచేసే పరిసరం గురించి, అంటే కిటికీలు, బ్రౌజర్లు, డీబగ్గర్ గురించి. భాషకు ఒక గ్రంథం, ఉపకరణాలకు మరో గ్రంథం! ఉపకరణాలను అనుబంధంలో రెండు పేజీలతో సరిపెట్టే మన పాఠ్యపుస్తకాల అలవాటుతో దీన్ని పోల్చి చూడండి.

స్మాల్‌టాక్‌లో అన్నీ ఆబ్జెక్టులే. 3 + 4 అని రాస్తే 3 అనే ఆబ్జెక్టుకు 4ను తోడిచ్చి కూడిక అనే మెసేజ్ పంపినట్టు. ఇంతవరకు చాలా పుస్తకాలు చెబుతాయి. అంతగా చెప్పనిది దాని తరువాతి మెట్టు. క్లాస్ కూడా ఆబ్జెక్టే, కంపైలరూ ఆబ్జెక్టే, తెర మీది కిటికీ, అందులోని ఎడిటర్, డీబగ్గర్ కూడా ఆబ్జెక్టులే. అవన్నీ ఇమేజ్ అనే ఒకే జ్ఞాపక చిత్రంలో మీ ప్రోగ్రాంతో కలిసి జీవిస్తాయి. సాయంత్రం ఇమేజ్‌ను సేవ్ చేసి కంప్యూటర్ ఆపేస్తే, మర్నాడు తెరిచినప్పుడు కిటికీలు, విలువలు, సగంలో ఆగిన ప్రోగ్రాం సహా అన్నీ వదిలిన చోటే ఉంటాయి.

దీని ఫలం ఉదాహరణతోనే అర్థమవుతుంది. మీరు విద్యుత్ బిల్లు లెక్కించే క్లాస్ రాస్తున్నారనుకోండి. మొత్తం లెక్కించే మెథడ్‌లో స్లాబు రేటు అడిగే మెసేజ్ పంపారు, కానీ ఆ మెథడ్ ఇంకా రాయలేదు. స్మాల్‌టాక్‌లో ప్రోగ్రాం అక్కడి దాకా నడిచి ఆగుతుంది. ఈ మెసేజ్ నాకు అర్థం కాలేదు అని ఆ ఆబ్జెక్టే చెబుతుంది. డీబగ్గర్ తెరుచుకుంటుంది. పైభాగంలో ఏ మెథడ్ నుంచి ఏ మెథడ్‌కు వచ్చామో వరుస, మధ్యలో కోడ్, కింద ఆ క్షణంలో ఆబ్జెక్టు లోపల ఉన్న విలువలు. యూనిట్లు 210 అని అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. నేటి ఫారో అనే స్మాల్‌టాక్ రూపంలో అయితే, లేని మెథడ్‌ను అక్కడే సృష్టించడానికి డీబగ్గర్‌లోనే ఒక మీట ఉంది. దాన్ని నొక్కి, ఆ 210ని చూస్తూ స్లాబు లెక్క రాసి, సేవ్ చేసి, కొనసాగించమంటే ప్రోగ్రాం ఆగిన చోటు నుంచే నడుస్తుంది. మొదటికి రావలసిన పని లేదు. తప్పు ఎక్కడ బయటపడిందో అక్కడే, ఆ విలువల ఎదుటే దిద్దుబాటు జరుగుతుంది.

ఇంకో చిన్న ఉపకరణం ఉంది. స్క్వీక్, ఫారో రూపాల్లో 3, 4, 7 అని ఉదాహరణ ఇచ్చి వెతికితే, మొదటి రెంటి నుంచి మూడోది రప్పించగల మెసేజ్‌ల జాబితాలో కూడిక కనిపిస్తుంది. పేరు తెలియనివారు పనిని చూపించి పేరు అడగవచ్చన్నమాట. 

అయితే ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పాలి. పై ఉదాహరణను జావాలో రాసి ఉంటే, మెథడ్ లేదన్న సంగతి ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ చెప్పేది. స్మాల్‌టాక్ టైపులను ముందుగా పరీక్షించదు. ఒక ఆబ్జెక్టుకు ఆ మెసేజ్ అర్థమవుతుందా లేదా అన్నది ఆ వాక్యం నడిచే దాకా తేలదు. స్మాల్‌టాక్ అభిమానులు తమ డీబగ్గర్‌ను పొగిడేటప్పుడు, ఆ డీబగ్గర్ అంత గొప్పగా ఉండక తప్పని పరిస్థితిని ఆ భాషే కల్పించిందన్న మాట దాటవేస్తారు.

ఇమేజ్ అనే కోట

అంతకంటే పెద్ద దోషం ఇమేజ్‌లోనే ఉంది. అన్నీ ఒకే ఇంట్లో ఉండటం వల్ల లోపలివారికి ఎంత సుఖమో, బయటివారికి అంత కష్టం. మిగతా ప్రపంచం కోడ్‌ను టెక్స్ట్ ఫైళ్ళలో దాచుకుంది. ఏ ఎడిటర్‌తోనైనా తెరవడం, రెండు ప్రతులను పోల్చడం, మార్పుల చరిత్ర భద్రపరచడం అనేవి ఫైళ్ళ ఆధారంగానే పెరిగాయి. స్మాల్‌టాక్‌వారు ఈ పనులన్నిటికీ సొంత ఉపకరణాలు కట్టుకోవలసి వచ్చింది. అవి కొన్నిసార్లు బయటివాటి కంటే ముందున్నా, లోపలివారికే ఉపయోగపడ్డాయి. మరో చిక్కు: నెలల తరబడి ఒకే ఇమేజ్‌లో పనిచేస్తే, ఎప్పుడో సృష్టించి మరిచిన ఆబ్జెక్టులు అందులో మిగిలిపోతాయి. వాటి అండతో నా దగ్గర చక్కగా నడిచిన ప్రోగ్రాం మీ దగ్గర నడవకపోవచ్చు.

1981 ఆగస్టులో అమెరికా నుంచి వెలువడే బైట్ పత్రిక ఒక సంచికను స్మాల్‌టాక్‌కే కేటాయించింది. దాని ముఖచిత్రంలో ఒక ద్వీపం మీద కోట, అక్కడి నుంచి గాలిలోకి లేస్తున్న రంగుల బెలూన్. భాష పరిశోధనశాల దాటి లోకంలోకి వస్తోందని భావం. తరువాత జరిగింది గమనిస్తే, బెలూన్‌లో ఎక్కి బయటపడినవి ఆలోచనలు. భాష మాత్రం చాలావరకు కోటలోనే ఉండిపోయింది.

ఈ మాటకు సాక్ష్యం మీ జావా ల్యాబ్‌లోనే ఉంది. స్మాల్‌టాక్ కోసం కెంట్ బెక్ రాసిన పరీక్షా పద్ధతి 1994లో ప్రచురితమైంది. 1997లో ఆయన ఎరిక్ గామాతో కలిసి జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళుతూ దాన్ని జావాలోకి తెచ్చాడు. అదే జేయూనిట్. కోడ్ ప్రవర్తన మారకుండా దాని నిర్మాణాన్ని సరిదిద్దే రీఫ్యాక్టరింగ్‌ను యంత్రం చేత చేయించిన తొలి సమర్థ ఉపకరణం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రాంట్, డాన్ రాబర్ట్స్ స్మాల్‌టాక్ కోసం నిర్మించిన రీఫ్యాక్టరింగ్ బ్రౌజర్. జావాలో 2001 ప్రాంతంలో ఇంటెల్లీజే ఐడియా, ఎక్లిప్స్ వచ్చాకే అలాంటి సౌకర్యం అందరికీ అందింది. జావాను వేగంగా నడిపించే హాట్‌స్పాట్ యంత్రానికి మూలం కూడా స్ట్రాంగ్‌టాక్ అనే స్మాల్‌టాక్ రూపంపై పనిచేసిన బృందమే. ఆ చిన్న సంస్థను సన్ 1997లో కొనుక్కుంది.

ఎక్లిప్స్ కథ మరీ ఆసక్తికరం. కెనడాలోని ఓటీఐ అనే సంస్థ స్మాల్‌టాక్ ఉపకరణాల్లో ఆరితేరినది. ఐబీఎం దాన్ని తనలో కలుపుకుంది. జావా ప్రోగ్రాములు రాయడానికి ఐబీఎం 1997లో తెచ్చిన విజువల్ఏజ్ ఫర్ జావా అనే ఉపకరణాన్ని స్మాల్‌టాక్‌లోనే రాశారు. అది కోడ్‌ను ఫైళ్ళలో కాక తన భాండారంలో ఉంచేది. జావావారికి అది నచ్చలేదు. మా ఫైళ్ళేవి అని అడిగారు. ఆ బృందమే జావాలో కొత్తగా రాసి, ఫైళ్ళను అంగీకరించి చేసినది ఎక్లిప్స్. 2001 నవంబరులో అది ఓపెన్ సోర్స్ అయింది. సేవ్ చేయగానే కంపైల్ కావడం స్మాల్‌టాక్ వారసత్వమే. ఎక్లిప్స్‌లో జావా బ్రౌజింగ్ అనే అమరికను తెరిచి చూడండి. పైన ప్రాజెక్టులు, ప్యాకేజీలు, టైపులు, సభ్యులు అని నాలుగు గడులు, కింద కోడ్. ల్యారీ టెస్లర్ స్మాల్‌టాక్ కోసం రూపొందించిన బ్రౌజర్‌కు అది మనవడు.

జావా గెలవడానికి దాని వ్యాకరణం సీ భాషను పోలి ఉండటమే కారణమని తరచు వింటాం. అది సగం నిజం. జావా కిట్ ఉచితంగా దొరికింది, మంచి స్మాల్‌టాక్ అమరికలకు లైసెన్సు రుసుము భారీగా ఉండేది. ఫైళ్ళతో పనిచేసే ఏ పాత ఉపకరణమైనా జావాకు పనికొచ్చింది. లోకం మమ్మల్ని అర్థం చేసుకోలేదని వాపోయే స్మాల్‌టాక్‌వారి మాటను నేను ఒప్పుకోను. లోకం లోపలికి రావడానికి వారు తలుపు ఆలస్యంగా తీశారు.

సమూహం వార్తలు చదవడం

ఇక ఆ సమూహం సంగతి. 1996లో అలన్ కే, ఇంగాల్స్ తదితరులు ఆపిల్‌లో ఉండగా స్క్వీక్ అనే ఉచిత రూపం తెచ్చారు. పిల్లలు ఆడుకునే స్క్రాచ్ తొలి రూపాలు దానిమీదే నిర్మితమయ్యాయి. 2008లో ఒక వర్గం విడిపోయి ఫారో మొదలుపెట్టింది. విద్యా, బహుమాధ్యమ ప్రయోగాలు పేరుకుపోయిన కోడ్‌ను కడిగేసి, పరిశ్రమకూ పరిశోధనకూ పనికొచ్చే శుభ్రమైన వ్యవస్థ కావాలన్నది వారి వాదన. ఇలాంటి చీలికను కలహంగా చూడటం తేలిక. నా అంచనాలో అది అవసరమైన చీలిక. స్క్వీక్ కూడా ఆగిపోలేదు, 2022లో దాని 6.0 వచ్చింది. ఫారో 1.0 2010లో వచ్చింది. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ అండ దానికి ఉంది. 2019లో విడుదలైన ఫారో 7 నాటికి కోడ్ నిర్వహణ గిట్ మీదికి మారింది. కోటకు తలుపు పెట్టారన్నమాట.

విడుదల ప్రకటనల్లో కొత్తగా ఏం చేర్చారో అందరూ చదువుతారు. మీరు ఏం తీసేశారో కూడా చదవండి. 2022లో వచ్చిన ఫారో 10లో పాత కోడ్ తొలగింపుకే పెద్దపీట వేశారు. దాన్ని తీసుకొచ్చినవారికి అది గర్వకారణం. నేర్చుకునేవారికి మాత్రం దాని ధర ఉంది. ఫారో పాఠ్యపుస్తకాన్ని కొత్త రూపాలకోసం మళ్ళీ మళ్ళీ తిరగరాయవలసి వచ్చింది. పాత ప్రతి చేతిలో పెట్టుకుని కూర్చున్న విద్యార్థికి పుస్తకంలోని కిటికీ తెర మీద కనిపించదు. జావా దీనికి విరుద్ధం. 2018 నుంచి ఆరు నెలలకొక విడుదల వస్తున్నా, పాతికేళ్ళ నాటి సాధారణ ప్రోగ్రాం చాలావరకు ఇప్పటికీ నడుస్తుంది. దూరవిద్య పుస్తకాలకు జావా తగినది కావడానికి ఇదొక పెద్ద కారణం. మన పుస్తకాలు ఏటా మారవు.

మొదట నోట్‌ప్యాడ్‌లోనే రాయాలి, ఉపకరణాలు తరువాత అని సలహా ఇచ్చే అధ్యాపకులు ఉన్నారు. కంపైలర్‌ను చేత్తో నడిపించి తెలుసుకోవడం మంచిదే, ఒక వారం చాలు. ఏడాదంతా అలాగే చేయమంటే, నడుస్తున్న ఆబ్జెక్టును కళ్ళతో చూసే అవకాశాన్ని విద్యార్థి నుంచి తీసేసినట్టే. ఆబ్జెక్టులను చూడకుండా ఆబ్జెక్టుల భాష నేర్చుకోవడం కష్టం.

మీ రికార్డులోని ఒక చిన్న జావా ప్రోగ్రాంను ఎక్లిప్స్ డీబగ్గర్‌లో మధ్యలో ఆపండి. మెథడ్ లోపలి ఒక వాక్యం మార్చి సేవ్ చేయండి, ప్రోగ్రాం కొనసాగుతుంది. 2002 నుంచి జావా ఇంత వరకు అనుమతిస్తోంది. ఇప్పుడు క్లాస్‌కు ఒక కొత్త ఫీల్డ్ చేర్చి సేవ్ చేయండి. ఈ మార్పును నడుస్తున్న ప్రోగ్రాంలోకి తీసుకోలేనని హెచ్చరిక వస్తుంది. తరువాత ఫారోను ఉచితంగా దింపుకుని అలాంటి క్లాసే రాసి, దాని ఆబ్జెక్టులు రెండు మూడు సృష్టించి ఇన్‌స్పెక్టర్‌లో తెరిచి ఉంచండి. క్లాస్‌కు కొత్త ఫీల్డ్ చేర్చండి. ముందే పుట్టి ఉన్న ఆ ఆబ్జెక్టుల్లో ఆ ఫీల్డ్ కనిపిస్తుందా, కనిపిస్తే దాని విలువ ఏమిటి అన్నది చూసి రికార్డులో రాయండి.