వ్యాసమునకు బొమ్మ

కథకు బొమ్మ వేయుట యొక పని; వ్యాసమునకు బొమ్మ వేయుట వేఱొక పని. కథలో మనుష్యులుందురు, ఇల్లుండును, వాన కురియుచుండును. చిత్రకారుడు వానిని మనోహరముగా జూపినచో జాలును. ఈ పనియందు మనవారెవ్వరికిని తీసిపోలేదు. వడ్డాది పాపయ్య (1921–1992), బాపు (1933–2014) గార్ల కుంచె నెఱుగని తెలుగు గృహములరుదు. కాని వ్యాసమున నుండునది అభిప్రాయము. దానికి ముఖము లేదు. ముఖము లేనిదానికి రూపమును కల్పించుట యెట్లు? ఈ ప్రశ్నను మన పత్రికలు తగినంతగా విచారించినట్లు కానరాదు.

మన యాలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు శక్తులను జెప్పిరి. 'గంగలో పల్లె' యను ప్రసిద్ధోదాహరణమును జూడుడు. ప్రవాహముపై పల్లె నిలువదు; కావున ముఖ్యార్థమునకు బాధ కలుగును. అప్పుడు బుద్ధి గంగయొడ్డును వెదకికొనును. 'ఒడ్డున' ననక 'గంగలో' ననుటవలన పల్లెయొక్క చల్లదనము, పావనత్వము స్ఫురించును. వ్యాసచిత్రమును ఇట్లే పనిచేయవలయును. చూచినంతనే 'ఇట్లుండునా?' యని కన్ను తడబడవలెను. ఆ తడబాటే చదువరిని అర్థమువైపునకు నడుపును. తడబాటు లేనిచో నది పుటకు అలంకారమాత్రము. తడబడినను దారి దొరకనిచో నది పొడుపుకథ.

1890 మార్చిలో జర్మను చక్రవర్తి రెండవ విల్‌హెల్ము తన ప్రధానియగు బిస్మార్కును పదవినుండి తొలగించెను. అప్పుడు లండనులోని పంచ్ పత్రికకు జాన్ టెన్నియల్ గీచిన బొమ్మలో రాజసభ లేదు, సింహాసనము లేదు. ఒక యోడ; దాని ప్రక్కనుండి మెట్లు దిగిపోవుచున్న, త్రోవ నెఱిగిన వృద్ధ నావికుడు; పైనుండి చూచుచున్న కిరీటధారియగు యువకుడు. ఓడ యిక నెటు పోవునో బొమ్మలో లేదు. ఆ భయము చూచువాని మనస్సులో బుట్టును. వ్యంజన యన నిదియే. వంగదేశమున గగనేంద్రనాథ ఠాకూరు (1867–1938) ఈ శక్తినే సంఘముపై ప్రయోగించి, ఆచారవంతుల కపటమును, దొరల వేషము వేసిన బాబుల డంబమును ఎండగట్టెను.

ఇక మన పుటలను జూతము. వరకట్ననిషేధ చట్టము 1961లో వచ్చెను. ఆ దురాచారముపై వ్యాసము పడినప్పుడు తఱచుగా గానవచ్చు బొమ్మ త్రాసు: ఒక తట్టలో పెండ్లికూతురు, రెండవ తట్టలో రూకలు. మొదట దీనిని గీచినవాడు బుద్ధిమంతుడే. కాని 'కుశలుడు' అన్నప్పుడు దర్భలు కోయువాడు మనకు స్ఫురింపనట్లు, ఈ త్రాసును జూచి నేడెవ్వరి కన్నును తడబడదు. లక్షణ రూఢియై పోయినది.

అంతకంటె పెద్ద దోషమొకటి కలదు. ఆ బొమ్మ చెప్పునది నిజము కాదు. కన్యాశుల్కమున ధనమిచ్చి కన్యను గొనిరి. దానికి ఆ త్రాసు సరిపోవును. వరకట్నమున నట్లు కాదు. కన్యయు ధనమును ఒకే యింటినుండి పోవును. కావున నిరువురు నొకే తట్టలో నుండవలెను; రెండవ తట్టలో వరుడు గూర్చుండవలెను. ఇంత పెట్టినను అతని తట్ట పైకి లేవకుండుటయే యీ దురాచారముయొక్క స్వరూపము. వ్యాసకర్త వాదమును చిత్రకారుడు చదివియున్నచో నీ పొరపాటు జరుగునా?

స్త్రీల హక్కులనుగూర్చిన వ్యాసములకు తలవంచి కన్నీరు గార్చు స్త్రీని వేయుటయు నిట్టిదే. వ్యాసము న్యాయమడుగును, బొమ్మ జాలినడుగును. వ్యాసమును జదువువారు కొందఱు. బొమ్మను జూచువారు ఇంటిల్లిపాది. అక్షరములు రాని పసిబిడ్డయు దానినే చూచి, స్త్రీ యన్న నేడ్చునదియే యని నేర్చుకొనును.

సంకేతములు మార్పరానివని కొందఱందురు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల గ్రంథాలయమున నిలిపిన న్యాయదేవతకు కన్నుల గంత లేదు. చేత ఖడ్గమునకు బదులు రాజ్యాంగగ్రంథమున్నది. ఈ మార్పును మెచ్చని వారును గలరు. మెచ్చినను మెచ్చకున్నను జనులు న్యాయమన నేమని మఱల నాలోచించిరి.

కావున సంపాదకులకు మా మనవి యిది. చిత్రకారునకు శీర్షిక మాత్రమే పంపి బొమ్మ నడుగకుడు, వ్యాసమంతయు జదువనిండు. వ్యాససారమును క్రియతో గూడిన యొక్క వాక్యమున జెప్పుమనుడు. 'వరకట్నము' అను నామమునకు త్రాసే వచ్చును. 'ఎంత పెట్టినను చాలదు' అను వాక్యమునకు క్రొత్తబొమ్మ వచ్చును. నేడు మాట చెప్పినచో యంత్రమే బొమ్మను గీచి యిచ్చుచున్నది. వట్టి నామము నిచ్చినవానికి నదియు పాతత్రాసునే యిచ్చినచో, నేరము యంత్రముది కాదు.

చదువరులును ఒక పరీక్ష చేయవచ్చును. శీర్షికను చేతితో మూసి, బొమ్మ యేమి చెప్పుచున్నదో ఇంటిలోని పిల్లల నడుగుడు. వారు చెప్పినదానిని వ్యాసముతో బోల్చి చూడుడు. రెండును విరుద్ధములైనచో సంపాదకునకొక జాబు వ్రాయుడు.